బేబి మెడలో తాయెత్తు

అనంతగిరి కొండల్లోని ఆ ఊరికి కొత్తమనిషంటే అనుమానం. ఉండదా మరి! లోయలో కంపెనీవాళ్లు కరెంటు ప్రాజెక్టుకి సొరంగం తవ్వి పైపులు వేస్తున్నారు. ఊరు ఖాళీ చెయ్యమని వచ్చినవాళ్లని ఇదివరకే తరిమికొట్టారు.

ఆ ఉదయం ఒకడు చేతిలో చిన్న పెట్టెతో కొండెక్కి వచ్చాడు. పెట్టె టిక్కు టిక్కుమంటోంది. కుడిచేతి వేళ్లకి గుడ్డ చుట్టుకున్నాడు.

గాసి ఇంటి ముందుకి రాగానే పెట్టె గోలపెట్టింది. అరుగు మీద గాసి కూతురు బేబి వాంతులతో నీరసించి పడుకుని ఉంది.

"పాప మెడలో ఏముందన్నా?"

"తాయెత్తు. పైపుల కాడ మెరిసే పూస దొరికింది. జొరమొత్తే మా పూజారి దిసారి పూజ సేసి కట్టినాడు. నీకేటి?"

"బేగి తీసెయ్యండి! అది అణు సరుకు. పైపుల అతుకులు చూసే మిషన్లోంచి పడిపోయింది. మనిషిని లోపల్నించి కాల్చేస్తుంది!"

"మొన్న నీళ్ల కరెంటన్నారు, ఇయ్యాల అణు కరెంటా? నువ్వు కంపెనీవోడివేనా?"

అబద్ధమాడితే బతికేవాడు, వెర్రిబాగులవాడు!

"అక్కడ ఆ మిషన్ మీదే పనిచేశాను. ఆ పూస తీసి భద్రం చేసేదాకా ఊరు ఖాళీ చెయ్యండన్నా, దణ్ణం పెడతాను."

ఆ ఊళ్లో ఆ మాట అనకూడదు.

"ఖాళీ సెయ్యాలా?" వీపున దుడ్డుకర్ర పడింది.

అతను పారిపోలేదు. అరుగెక్కి తాయెత్తు పట్టుకుని లాగాడు. తాడు తెగింది.

"గుంట ప్రాణం తీసేత్తన్నాడు!"

గాసి గొడ్డలి తిరగేసి తల మీద మోదాడు. అరుగంతా నెత్తురు. అయినా పిడికిలి విప్పడే! ఆ చేతినీ చితక్కొట్టారు. గుడ్డ జారింది. వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి.

"కుష్టోడ్రా!" ఎవరో అరిచారు. రాళ్లు పడ్డాయి. అతను కదలడం మానేశాకే వాళ్లు ఆగారు.

గాసి తాయెత్తు కడిగి, ముడేసి, మళ్లీ కూతురి మెడలో కట్టాడు.

సాయంత్రం పోలీసులతో పాటు కంపెనీ ఆఫీసరు వచ్చాడు.

"మీవోణ్ణి నానే సంపినాను," గాసి రొమ్ము విరుచుకున్నాడు. "ఇంకెవుడ్ని పంపుతారో పంపండి, సూత్తాను!"

"అయ్యా, మంటెడతంది," బేబి మూలిగింది.

గాసి వంగి తాయెత్తు పక్కకి జరిపాడు. దాని కింద చర్మం ఆ మనిషి వేళ్లలాగే నల్లగా ఉంది.

గాసి తాయెత్తు తెంపి దూరంగా విసిరేశాడు.

"బాబూ... ఈడెవుడు?"

ఆఫీసరు శవం నుంచి మొహం తిప్పుకున్నాడు.

"మావాడు కాదు. పూస పోయింది, ఊరివాళ్లకి చెప్పి తీరాలని గొడవ పెడితే వీణ్ణి ఎప్పుడో పన్లోంచి తీసేశాం."