పరీక్ష కోసం పెట్టిన చిరునామా

లిఫ్టులు బాగుచేసే కంపెనీ వెబ్‌సైటుకి కొత్త మెయిల్ సర్వీసు పెట్టే పని మీద ఆ రాత్రి నా ఆఫీసులో ఒక్కడినే మిగిలాను. పాత సర్వీసు కూడా నేను ఎంచిందే. ఉచితంగా వస్తుందని ఎంచాను.

"మూడేళ్ళలో సాయం కావాలని ఒక్క మెయిలూ రాలేదయ్యా," అన్నాడు కంపెనీ యజమాని ఫోన్లో. "మన లిఫ్టులంటే ఏమనుకున్నావ్ మరి!"

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి పాత సర్వీసు సెట్టింగులు తెరిచాను. 'అత్యవసర సాయం' ఫారంలో ఎవరేం రాసినా కంపెనీకి చేరడం లేదు. పరీక్ష కోసం నేను పెట్టిన నా సొంత చిరునామాకు వస్తోంది. పని అయ్యాక మార్చడం మరిచాను.

మూడేళ్ళుగా చూడని ఆ మెయిల్ పెట్టె తెరిచాను. ఒక్కటే మెయిల్ ఉంది.

"లిఫ్టులో ఇరుక్కుపోయాను బాబూ. మీ ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. ఊపిరాడటం లేదు."

కింద రాసిన చిరునామా మా బిల్డింగుదే. ఇక్కడి లిఫ్టుకి నిరుడు నేను ఈ ఆఫీసులో అద్దెకు దిగకముందే తాళం పడింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

తేలు కుట్టిన దొంగలా ఆ మెయిల్ చెరిపేశాను.

అప్పుడు కొత్త సర్వీసు మెయిల్ పెట్టె టింగుమంది. దాన్ని నేనింకా వెబ్‌సైటుకి కలపనే లేదు.

"చదివారు కదా బాబూ."

బయట వరండాలో తాళం వేసిన లిఫ్టు మూలుగుతూ పైకొచ్చింది. మా అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి ఎవరో ఓపిగ్గా తడుతున్నారు.