లెక్కపెట్టిన మెట్లు

"ఈసారైనా ఒక పడవ వేసుండొచ్చు కదక్కా" అన్నాడు తమ్ముడు, స్టూలు మీద నిలబడి మేకు కొడుతూ. "పడవ, పైన రెండు కొంగలు. జనం కొనేది అదే."

"నేను చూసినప్పుడు పడవ లేదు."

"లేకపోతే వెయ్యకూడదా? నిన్నెవరైనా కోర్టుకి లాగుతారా?"

అక్క పొద్దుటినుంచి మిషను తొక్కి వచ్చింది. మోకాళ్ళు లాగుతున్నాయి. గోడకి ఆనుకుని కింద కూర్చుని ఇరవై రెండో బొమ్మ వెనక తాడు ముడి వేస్తోంది.

ఆమె దర్జీ. తమ్ముడు ఈ గ్యాలరీకి మేనేజరు, కాపలాదారు, తుడిచేవాడు, అన్నీ. సముద్రం ఒడ్డున రెండు గదుల పెంకుటిల్లు అది. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళకి ఏటా తలా ఒక గోడ, తలా పది రోజులు. వెనక గదిలో గోడ ఇరవై రెండేళ్ళుగా అక్కది. ఆమె వేసేది ఏటా ఒకటే బొమ్మ: గ్యాలరీ వెనక గుమ్మంలో కూర్చుంటే కనిపించే మెట్లు, మెట్ల కింద సముద్రం. ఎండాకాలం మొదటి పున్నమి పొద్దున, పోటు నీళ్ళు పూర్తిగా పైకొచ్చే వేళకి వచ్చి కూర్చుంటుంది. ఏటేటా ఒకటి కలుస్తుంది. పాతవీ కొత్తదీ కలిపి పెడుతుంది.

బొమ్మ అమ్ముడైతే మూలన ఎర్ర చుక్క అంటిస్తారు. ఆ చుక్కల అట్ట తమ్ముడి సొరుగులో ఉంటుంది. అందులోంచి ఒక్కటీ అక్క గోడ దాకా రాలేదు.

"కమిటీవాళ్ళు ఈసారి తేల్చి చెప్పేశారక్కా" అన్నాడు తమ్ముడు, స్టూలు దిగకుండానే. "ఈ పది రోజుల్లో ఒక్క చుక్కయినా పడకపోతే, వచ్చే ఏడు ఈ గోడ ఇంకొకరికిచ్చేస్తారట."

"ఇచ్చుకోనీ" అంది. అంది గానీ ముడి వేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి. మిషను ముందునుంచి లేచి ఆమె వెళ్ళే చోటంటూ ఉంటే అది ఈ గదే.

నాలుగు రోజుల్లో పదకొండు మంది వచ్చారు. ఏడుగురు ఫ్యాను కింద కూర్చుని వెళ్ళారు. ఇదివరకు కింది వీధివాళ్ళయినా వచ్చేవారు. కిందటేడు సర్కారు ఆఫీసువాళ్ళు ఆ వీధి తలుపుల మీద ఎర్ర సున్నాలు గీసి, ఇళ్ళు ఖాళీ చేయించి, పడగొట్టారు. అక్క గిరాకీలో సగం ఆ వీధితోనే పోయింది.

ఐదో రోజు ఒకాయన వచ్చాడు. బూట్ల నిండా ఇసుక.

"అయ్యా, బూట్లు బయట! ఇప్పుడే తుడిచాను" అన్నాడు తమ్ముడు. "అసలే ఈ గది ఎంత తుడిచినా ఆరదు."

ఆయన బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. మొదటి బొమ్మ ముందు వంగాడు. రెండోదాని ముందు వంగాడు. తర్వాత సంచీలోంచి టేపు తీసి బొమ్మల్లో మెట్లు కొలిచి పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు.

"వీటిని వరసగా పెట్టగలరా? ఏ ఏటివి ఆ ఏటివి?"

తమ్ముడు స్టూలు ఎక్కేశాడు.

"మెట్లు లెక్కపెట్టి వేశారా, అందాజుగానా?" అని ఆయన అక్కని అడిగాడు.

"నేను దర్జీనండి. అందాజుగా కోస్తే చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోతాయి."

"మొదటి బొమ్మలో ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఈ ఏటి దాంట్లో తొమ్మిదే."

"కనిపించినన్నే వేశాను. నీళ్ళ కిందివి నాకెలా కనిపిస్తాయి?"

బేరం చెడుతోందని తమ్ముడు కంగారుపడ్డాడు. "తక్కువనిపిస్తే చెప్పండి సార్, ఇంకో నాలుగు కలిపేస్తుంది!"

"వద్దు! ఒక్కటి కూడా కలపొద్దు" అన్నాడాయన. అక్కవైపు తిరిగాడు. "ఇంత నిక్కచ్చిగా వేసినవాళ్ళని నేను చూడలేదమ్మా. ఇరవై రెండూ పనికొస్తాయి. ఫోటోలు తీసుకుంటాను. మా పైవాళ్ళకి చూపించి, ఎల్లుండి వస్తాను."

ఆయన వెళ్ళగానే తమ్ముడు చేతులు రుద్దుకున్నాడు. "హోటలువాడే అక్కా. గదికొకటి తగిలిస్తాడు. లేకపోతే టేపుతో కొలవడమెందుకు?"

"కొలతలిచ్చి వెళ్ళి, గుడ్డ తేనివాళ్ళు ఎంతమందో నీకు తెలీదురా."

అలా అంది గానీ, ఆ సాయంత్రం ఒకే కాలరు రెండుసార్లు తిరగేసి కుట్టి, రెండుసార్లూ విప్పుకుంది. ఆ నిక్కచ్చి అన్న మాట కోసం ఇరవై రెండేళ్ళు కాచుకుని ఉన్నట్టు ఆమెకి అప్పుడే తెలిసింది.

ఏడో రోజు పొద్దున్నే అక్క ఫోను మోగింది.

"అక్కా, ఆయన ఇంకో ఇద్దరితో వచ్చాడు. ఎర్ర గుర్తు పెట్టి వెళ్ళాడు."

"దేనికిరా?"

"నువ్వు రా."

మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి బయల్దేరింది. తమ్ముడు గ్యాలరీ వరండాలో కూర్చుని ఉన్నాడు. వీధి తలుపు బార్లా తెరిచి, బయటి గోడకి ఆనించి ఉంది. అక్క ఆగకుండా వెనక గదిలోకి నడిచింది. మొదటి బొమ్మ మూల చూసింది. రెండోది చూసింది. ఇరవై రెండూ చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి చూసింది. వరండాలోకి వచ్చింది.

"ఏ బొమ్మకిరా? నాకేం కనపడలేదు."

"నీ మెట్లు వాళ్ళ సముద్రం లెక్కలతో అన్నీ సరిపోయాయన్నాడక్కా. ఒక్క మెట్టు కూడా తేడా లేదట."

"అయితే గుర్తేదీ?"

తమ్ముడు లేచి, తలుపుని గోడ దగ్గర్నుంచి లాగి మూశాడు.

దాని మీద పళ్ళెమంత ఎర్ర సున్నా ఉంది.