అడ్డుచెక్క

“ఇంజను తర్వాత. ముందుగాల క్యాబిన్ కొయ్యి సాయిచందూ. వీడు సూస్తుండంగనే కొయ్యాలె” అన్నాడు హనుమండ్లు.

వీడు అంటే అంతయ్య. కరీంనగర్ బైపాస్ పక్కనున్న ఆ పాత ఇనుము దుకాణానికి తన ఆరు టైర్ల లారీని పొద్దున్నే తానే నడుపుకుంటూ వచ్చాడు. బండికి ఫిట్‌నెస్ రాలేదు, ఇక తుక్కుకి ఇవ్వక తప్పలేదు. కొన్నది హనుమండ్లు అని గేటు దాటాకే తెలిసింది. తెలిస్తే ఇస్తాడా? అందుకే బేరమంతా మధ్యవర్తితో నడిపించాడు హనుమండ్లు. పైగా లారీ అడ్డా నుంచి నలుగురు పాత డ్రైవర్లను తమాషా చూడమని పిలిపించాడు. పద్దెనిమిదేళ్ల పగ మరి, ఊరికే చల్లారుతుందా!

“బండి మొత్తం కోసుకో అన్నా. సీటు కిందున్న పెట్టె ఒక్కటి ఇయ్యి, తీస్కొని పోత” అన్నాడు అంతయ్య. దిగుతూనే దాన్ని తీసుకుందామనుకున్నాడు కానీ, హనుమండ్లు అంతలోపే తాళాలు గుంజుకున్నాడు.

“ఏమున్నదిరా గా పెట్టెల?”

“నా సామాన్లు.”

“గేటు దాటినంక ఒక్క బోల్టు గూడ నీది కాదు. పక్కకు జరుగు.”

గ్యాస్ కట్టర్ పట్టుకున్న సాయిచంద్ లారీ చుట్టూ తిరిగి వచ్చి పెదవి విరిచాడు. “గిదేంది కాకా, ఎనక ఒక్కటే ఇర్సు ఉన్నది. పది టైర్లది అనుకున్న.”

“వీనికి పది టైర్లదా!” హనుమండ్లు కాండ్రించి ఉమ్మాడు. “గప్పట్ల మా అడ్డా మొత్తంల పది టైర్ల బండి నా ఒక్కనిదే. ఎనక రెండు ఇర్సులు, ఎనిమిది టైర్లు. నా బండి పక్కన వీని బండి మేకపిల్ల తీరు ఉంటుండె.”

“ఘాట్ ఎక్కుతుండెనా కాకా గిసొంటి బండ్లు?”

“ఎక్కుతుండె గని ఇంజను మసులుతుండె. నడుమల ఆపి నీళ్లు పొయ్యాలె. హ్యాండుబ్రేకును నమ్మితె సచ్చినట్టే. చక్రానికి అడ్డుచెక్క పెట్టాలె. ఒక్క ఇర్సు బండికి చక్రం ఎనక పెడ్తరు, చెక్కకు ఒక్క దిక్కే గుంట ఉంటది. నాది గట్ల కాదు. రెండు చక్రాల నడుమ ఇరికిస్తుంటి. వడ్లాయనతోని తుమ్మ మొద్దుకు రెండు దిక్కుల గుంటలు చెక్కిపిచ్చిన.” అంటూనే అంతయ్య వైపు తిరిగాడు. “పెట్టుడు కాదు, తీసుడు గూడ యాదుండాలె. తీయకుంట పోయినోడు డ్రైవర్ కాదు, ఖూనీకోరు.”

అంతయ్య తల వంచుకున్నాడు. డ్రైవర్లు నేలచూపులు చూశారు. ఆ మాట ఎక్కడిదో వాళ్లకు తెలుసు.

పద్దెనిమిదేళ్ల కిందట ఇద్దరూ బియ్యం బస్తాలతో ఆదిలాబాద్ బయల్దేరారు. ముందు హనుమండ్లు, వెనక అరగంట తేడాతో అంతయ్య. నిర్మల్‌లో తమ్ముడు రాంచందర్ ఇంటి దగ్గర ఆగిన హనుమండ్లు పర్మిట్ కాగితాలు అక్కడే మరిచిపోతే, అవి ఇద్దామని రాంచందర్ స్కూటర్ మీద వెంటపడ్డాడు. పొగమంచులో, ఘాట్ మలుపు దగ్గర, రోడ్డు మీద పడి ఉన్న అడ్డుచెక్క మీదికి స్కూటర్ ఎక్కింది. తల బండకు తగిలి అక్కడికక్కడే పోయాడు. బస్సులో వచ్చినవాళ్లు చూసేసరికి అంతయ్య ఆ చెక్కను తన లారీలో దాచుకుంటున్నాడు. ఎవరు ఎంత గద్దించినా నోరు తెరవలేదు, చెక్క ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. కేసు నిలబడలేదు.

తమ్ముడి కర్మ అయిన మర్నాడే హనుమండ్లు తన లారీని ఉన్నదున్నట్టు అమ్మేశాడు, మళ్లీ అందులోకి ఎక్కనేలేదు. అడ్డాలో మాత్రం అంతయ్యకు లోడు వంతు రాకుండా చేశాడు. ప్రతి దసరాకూ అంతయ్య జమ్మి ఆకు పట్టుకొని గడప దాకా వచ్చేవాడు. హనుమండ్లు ఆ చేతిని విసిరికొట్టేవాడు.

“నేను గూడ గా మలుపులనే ఆపిన. నీళ్లు పోసిన, పోయిన. నీకేం రోగం వచ్చిందిరా? నా తమ్ముని మింగితివి గదరా బద్మాష్!” హనుమండ్లు క్యాబిన్ వైపు చెయ్యి చూపాడు. “పెట్టె కొయ్యి సాయిచందూ.”

అంతయ్య గబుక్కున వచ్చి అతని కాళ్లు పట్టుకున్నాడు. “వద్దన్నా. గా పెట్టె తెరువకు.”

“అంటే గదే చెక్క అండ్ల ఉన్నదా?”

అంతయ్య పట్టుకున్న కాళ్లు వదల్లేదు. “ఉన్నది. కాలవెడదామని ఎన్నిసార్లో అనుకున్న, చేతులు రాలే. రాంచందర్ ఆఖరుగ తాకింది గదే గద అన్నా.”

“ఇన్నరా!” హనుమండ్లు డ్రైవర్ల వైపు తిరిగి అరిచాడు. “పద్దెనిమిదేండ్లకు ఒప్పుకున్నడు! నేను అబద్ధమాడుతున్ననన్నోడు ఎవడురా, ఇప్పుడు ముందటికి రాండ్రి!”

“నన్ను ఇంకో పద్దెనిమిదేండ్లు తిట్టు. ఊరు ఇడిసి పొమ్మను, పోత. పెట్టె మాత్రం తెరువకు అన్నా, నీ కాళ్లు మొక్కుత.”

హనుమండ్లు అతన్ని కాలితో నెట్టాడు. కట్టర్ మంటకు తాళం ఊడిపడింది. లోపల గోనెగుడ్డ మూట. వద్దు వద్దంటున్న అంతయ్య చేతుల్ని తప్పించుకుంటూ ముడి విప్పి, నల్లబడిన ఆ తుమ్మ మొద్దును నలుగురికీ కనబడేలా తలపైకి ఎత్తాడు హనుమండ్లు. ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

చెక్కకు రెండు వైపులా గుంటలున్నాయి.