తలెత్తి తిట్టిన దర్జీ

“ఇంకొంచెం పైకి, పిన్నిగారూ. ఇంకొక్క కొంచెం...”

“నా వల్ల కాదమ్మా! మెడ ఊడి నీ చేతిలో పడుతుంది!” అంది దర్జీ పిన్ని.

స్టవ్ పేలి మెడ కాలినప్పటి నుంచి రెండేళ్లుగా ఆమె గడ్డం గుండెల మీదికి అతుక్కుపోయి ఉండేది. ఈమధ్యే డాక్టర్లు బిగిసిన మచ్చను కోసి, తొడ చర్మం తీసి అతికించారు. ఇక రోజూ మెడ సాగదీయాలి. లేకపోతే మళ్లీ బిగుసుకుపోతుంది, మళ్లీ ఆపరేషనే. అందుకే ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు ఇంటికొస్తోంది. ఆ అమ్మాయి అలా వెళ్లగానే పిన్ని ఇలా తల దించుకుని వీధి గదిలో కుట్టుమిషను ముందు కూర్చునేది. అమ్మాయి బతిమాలింది, బెదిరించింది. పిన్ని వింటేగా!

ఇంతలో ఎదురింటి మొదటి అంతస్తులో ఒక పెద్దాయన అద్దెకు దిగాడు.

“ఏవమ్మా! ఆ చొక్కా మనిషికా, దిష్టిబొమ్మకా?” అని బాల్కనీలోంచి కేకేశాడు.

పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. గుమ్మంలోకొచ్చి కష్టపడి తలెత్తితే ఆయన చెప్పులు మాత్రమే కనిపించాయి.

“ముందు మీ చెప్పులకంటిన దుమ్ము దులుపుకోండి!” అని ఆ చెప్పులకే జవాబిచ్చింది.

మర్నాడు కాలరు వంకరన్నాడు. ఆ మర్నాడు గుండీలు ఎగుడుదిగుడన్నాడు. పది రోజులకి పిన్నికి ఆయన పొట్ట కనిపించింది, నెలకి మీసం.

“మొహం చూసి తిట్టడంలో ఉన్న సుఖమే వేరండీ!” అంది మొగుడితో.

అంతలో ఎదురింటి పెద్దాయన, గాలి ఆడట్లేదంటూ మూడో అంతస్తుకి మారాడు. పిన్ని వదుల్తుందా? వీధి మధ్యకెళ్లి, మెడ రిక్కించి మరీ కడిగేసేది.

“ఆయనతో మీకెందుకండీ గొడవ?” అంది ఫిజియో అమ్మాయి, మచ్చకి నూనె రాస్తూ.

“నువ్వూరుకో. ఆయన నోరు మూయించందే నాకు ముద్ద దిగదు.”

మూడో నెల చివర అమ్మాయి మెడ ఎంత లేస్తోందో కొలిచింది. మళ్లీ కొలిచింది. కళ్లు తుడుచుకుంది.

“పూర్తిగా లేస్తోంది పిన్నిగారూ! ఇక రాత్రిపూట మెడకి పట్టీ పెట్టుకుంటే చాలు.”

“అంతా నీ చేతి చలవే, తల్లీ!”

ఇద్దరూ నవ్వుకుంటూ వీధిలోకొచ్చారు. పైనుంచి గొంతు ఖంగుమంది: “ఏవమ్మా! ఆ గౌనుకి...”

పిన్ని నడుం మీద చేతులేసుకుని నోరు తెరవబోయింది. అమ్మాయి ఆమెని ఆపి, తనే పైకి చూసి అరిచింది:

“ఇక చాలు, దిగు నాన్నా!”