సీసాకో ప్రాణం

విల్మా కొట్లో ఒక్క సీసా కూడా లేదు. లోర్నా ముందుగా గమనించింది అదే.

అరవై దాటాక లోర్నా భర్త హాలిస్‌కు విమానంలోంచి దూకాలని బుద్ధి పుట్టింది. ఫ్లోరిడాలో ఆ వయసు మగవాళ్ళు చేపలు పట్టి సరిపెట్టుకుంటారు. ఈయనకు చాలలేదు. శిక్షణ పూర్తి చేశాడు. ఎవరో వాడిన పారాచూట్ సంచి కొన్నాడు. శనివారం దాన్ని తగిలించుకుని మొదటిసారి దూకబోతున్నాడు.

లోర్నా ఆయన్ని ఆపలేకపోయింది. సంచిని తనిఖీ చేయించే పని మాత్రం అడిగి మరీ తీసుకుంది.

ఆ సంచిలో రెండు పారాచూట్లుంటాయి. పెద్దది రోజూ వాడేది. అది మొండికేస్తే ఆదుకోవడానికి రిజర్వు. పెద్దదాన్ని దూకేవాడే మడుచుకోవచ్చు, ప్రభుత్వానికి బెంగంతా రిజర్వు మీదే. లైసెన్సున్న రిగ్గరు దాన్ని విప్పి, చూసి, మడిచి, దారం కట్టి, సీసం ముద్ర వేయాలి. ముద్ర లేనివాణ్ణి విమానం ఎక్కనివ్వరు.

దూకేవాళ్ళకు ఇంకో ఆచారం కూడా ఉంది. రిజర్వుతో బతికి దిగినవాడు దాన్ని మడిచిన రిగ్గరుకు మంచి విస్కీ సీసా ఒకటి ఇవ్వాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు. అందుకే ఎవరూ తప్పరు.

విల్మా కూడా రిగ్గరే, కానీ ఆమె అల్మరాలో దారపు ఉండలు, కత్తెరలు, ఒక కాక్టస్ మొక్క ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు ఈ పని?" అడిగింది లోర్నా.

"ముప్ఫయ్యేళ్ళు దాటింది."

"ఒక్కళ్ళని కూడా కాపాడలేదా?"

"నా దగ్గరికొచ్చేవాళ్ళు దూకుతారు, దిగుతారు, ఇంటికెళ్ళి భోంచేస్తారు. కాపాడమని ఎవరూ అడగలేదమ్మా." విల్మా రిజర్వును తెరిచే పిడికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగింది. మొహం చిట్లించింది. "గట్టిగా ఉంది. ఇరవై రెండు పౌన్ల బలానికల్లా ఊడి రావాలి. మొత్తం విప్పి కుట్టు కుట్టూ చూడాలి. రెండు పారాచూట్లూ చూస్తాను. వారం పడుతుంది."

"శనివారం దూకుతున్నాడండీ."

"తర్వాత వారంలోనూ శనివారం ఉంటుందిగా."

"ఆయన వినడు."

"మీ మాటే విననివాడు నా మాట వింటాడా? సంచి నా దగ్గర పెట్టుకుంటాను, దేంతో దూకుతాడో చూద్దాం."

ఒక్క ప్రాణం కాపాడని మనిషికి ఇంత పెత్తనమా అనిపించింది లోర్నాకు. సంచి తీసుకుని ఎదురు కొట్టుకు నడిచింది.

అది ఇంకో రిగ్గరు బడ్ ప్రూయిట్ కొట్టు. గోడంతా సీసాలే. ప్రతి సీసా మెడకూ పేరు రాసిన చీటీ. లోర్నా గుడిలోకి వచ్చినదానిలా గొంతు తగ్గించింది.

"ఇవన్నీ..."

"సీసాకో ప్రాణం మేడమ్. ఇదిగో, ఈయన పళ్ళ డాక్టరు. ఈవిడ లెక్కల టీచరు, రెండుసార్లు ఇచ్చింది. ఇతను కొత్త పెళ్ళికొడుకు."

"ఇంతమందికి పెద్దది తెరుచుకోలేదా?"

"మనవాళ్ళు దూకే ఈ మైదానం గాలి మంచిది కాదు మేడమ్. పెద్దదాన్ని పురి తిప్పేస్తుంది. నేనున్నా కాబట్టి నడుస్తోంది."

"ఎదురు కొట్టావిడ వారం పడుతుందంది."

"విల్మానా? చేతిరుమాలు మడవాలన్నా కొలబద్ద వెతుక్కునే మనిషి. ఒక్క సీసా కనబడిందా అక్కడ?"

"లేదు."

"మరింకేం."

నిజమే. మరింకేం.

"రిజర్వు దగ్గర మాత్రం నేను చాలా పట్టింపు మనిషిని," అన్నాడు బడ్ పిడి లాగి చూస్తూ. "ఇది సరిచేస్తా. సంచి నాకొదిలేసి మీరు హాయిగా నిద్రపోండి."

లోర్నా నిద్రపోలేదు గానీ, సంచి మాత్రం వదిలేసింది.

శనివారం విమానం దగ్గర ఆమె వీడ్కోలు మాట ఎత్తలేదు. ఎత్తితే అది నిజమవుతుందని భయం.

"బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది.

"వేసుకున్నా. రాత్రికేం వండుతున్నావు?"

"వచ్చి చూడు."

"పస్తు పెడతావేమోనని అడుగుతున్నా."

"రాకపోతే పస్తే."

ఆయన నవ్వుతూ ఎక్కాడు. ఆమె కంచె పట్టుకుని నిలబడింది.

ఆకాశంలో ఒక చుక్క కనబడింది. చుక్క వెనక పెద్దది బయటికొచ్చింది. తెరుచుకోలేదు. పిండిన తువ్వాలులా మెలితిరిగి, గిరగిర తిరగడం మొదలెట్టింది. హాలిస్ దాన్ని తెంపేసి వదిలించుకున్నాడు. అది నారింజ తోటల్లోకి కొట్టుకుపోయింది. ఆయన రాయిలా జారాడు. అప్పుడు తెల్లగా రిజర్వు విచ్చుకుంది.

హాలిస్ గడ్డిలో దిగి కూలబడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. మనిషి మిగిలాడు.

లోర్నా బడ్ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఈ గాలి సంగతి చెప్పానా లేదా," అన్నాడు బడ్ వినయంగా.

హాలిస్ కుంటుకుంటూ వెళ్ళి మద్యం కొట్లో ఉన్నవాటిలో మంచి సీసా పట్టుకొచ్చాడు. బడ్ అల్మరాలో చోటు చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తోటలో దొరికిన పెద్దదాన్ని, సంచిని వచ్చే శనివారానికి మళ్ళీ బడ్ చేతిలోనే పెట్టింది లోర్నా.

విల్మా తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. చప్పట్లు కొట్టలేదు. లోర్నా ఊరుకోలేక దగ్గరికి వెళ్ళింది.

"చూశారా? మీ మాట విని ఉంటే ఏమయ్యేదో."

"ఆయన దిగాడు, సంతోషం." విల్మా బడ్ చేతిలోని సంచి వైపు చూసింది. "పెద్దది మడిచిందెవరమ్మా?"

"బడ్‌గారే," అంది లోర్నా గర్వంగా, "రిజర్వు తనకిచ్చిన వాళ్ళందరికీ పెద్దది కూడా ఆయనే ఊరికే మడిచి పెడతారు."