చెక్కుచెదరని అక్షరాలు

తెరమీద తోకచుక్క ఉండాల్సిన చోట బూడిదరంగు చారలు కనిపించాయి.

"ఇంకో ఫొటో తెరువు," అంది అక్క. టెలిస్కోపు దగ్గర కూర్చుని అన్నీ తీసింది ఆమే.

తమ్ముడు తెరిచాడు. అవే చారలు.

"పాత మిషన్లోంచి కొత్త కంప్యూటర్లోకి ఎలా పంపావురా?"

"అక్షరాల పద్ధతిలో. రెండు మిషన్లకీ అక్షరాల కోడ్ వేరు కదక్కా, మార్చి పంపితేనే చదవగలం. ప్రతి ఫైలూ తెరిచి చూశాను. పైన నువ్వు రాసిన వివరాలు ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

"కింద బొమ్మ చూశావా?"

"అక్షరాలు బాగున్నాయి కదాని చూడలేదక్కా."

"బొమ్మంతా అంకెలురా. నీ అక్షరాల పద్ధతి వాటినీ అక్షరాలే అనుకుని మార్చి పారేసింది."

"వెనక్కి మార్చేద్దాం."

"పిండిలోంచి గింజలు ఏరతావా?"

"పోనీ, పాత మిషన్లోంచి మళ్లీ పంపుతా."

"అన్నీ సరిచూశానన్నావుగా. పొద్దున్నే నా చేతుల్తో దాంట్లో ఉన్నవన్నీ చెరిపేశాను."

"తోకచుక్క మళ్లీ వస్తుందిగా అక్కా?"

"సూర్యుడిలో పడిపోయిందిరా."

అతను ఫైలును మెల్లగా పైకి జరిపాడు. తేదీ, గంట, అక్క పేరు, అన్నీ ఉన్నాయి. ఆఖరి వరుసా చెక్కుచెదరలేదు.

"ఆకాశం నిర్మలం. ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదు."