పాత మానిటర్‌కి ఎక్స్ఛేంజి

"ఆ డబ్బా మీద చెయ్యేస్తే ఊరుకోను," అంటూ చిలకమ్మ పాత మానిటర్‌కి అడ్డంగా నిలబడింది.

కొత్త మానిటర్ మోసుకొచ్చిన షాపు మనిషి మహేష్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పాతది ఇస్తేనే కొత్తది, అదీ ఒప్పందం. ఆ కొత్తది చిలకమ్మ కొడుకు సూరజ్ కోసం. ఫ్యాక్టరీ అప్రెంటిస్ పరీక్ష నెత్తి మీదుంది. పాత తెర అదురుకి అరగంట చదివేసరికి కళ్ళు మంటలెక్కుతున్నాయి. ఈ బేరం చెడితే పరీక్ష మీద ఆశ వదులుకోవలసిందే.

తండ్రి అప్పలసూరి కొడుకు వైపే. హిందీవాళ్ళ ఊళ్ళో, బర్మామైన్స్ బస్తీలో ఉన్నదే ఇరుకు కొంప, అందులో సగం ఆ పెట్టె పొట్టే మింగేస్తోందని ఎప్పట్నించో సణుగుతున్నాడు.

"ఇచ్చీయ్. అదేటి, నీ కన్నోరు ఎట్టిన సారె అనుకున్నావేటి?"

చిలకమ్మ మానిటర్‌కి మరింత దగ్గరగా జరిగింది.

సూరజ్ నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. పాతదాంట్లో పేద్ద గాజు గొట్టం ఉంటుందన్నాడు. దాని వెనకనుంచి కంటికి కనపడని కణాలు దూసుకొచ్చి తెర లోపలి పూతకి తగిలితేనే బొమ్మ, అందుకే ఆ పొట్ట, ఆ వేడి. తర్వాత వచ్చిన రకంలో వెనకాల సన్నటి ట్యూబ్‌లైట్లు పెట్టారు. ఈ కొత్తదాంట్లో బుల్లి ఎల్‌ఈడీలు, వాటి ముందు ద్రవంలాంటి స్ఫటికాలు కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ వెలుగుని వదులుతాయి.

అమ్మ ఇంత శ్రద్ధగా వినడం అతనెన్నడూ చూడలేదు.

"అయితే ఇది సల్లగా ఉంటాదా?" అడిగింది.

"బిల్కుల్ ఠండా, అమ్మా. రాత్రంతా ఆన్‌లో ఉన్నా గరమ్ నహీ హోగా."

"అయితే నాకొద్దు."

చిలకమ్మ మానిటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, తువ్వాలు చుట్టిన గిన్నె బయటికి తీసింది. మూత తియ్యగానే ఇడ్లీ పిండి నురగలు కక్కుతూ అంచుదాకా పొంగి ఉంది.

"ఈ సలిలో వంటింట్లో ఎడితే పిండి పొంగుతాదేటి? దూదిలాటి ఇడ్లీలు ఎక్కడ్నించి వత్తన్నాయనుకున్నారు, తండ్రీ కొడుకులు?"

రోజూ పొద్దున్నే మానిటర్ ఎందుకు వెలుగుతూ ఉంటుందో సూరజ్‌కి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తనే ఆపడం మర్చిపోతున్నాననుకున్నాడు. ఆదుకోమన్నట్టు తండ్రి వైపు చూశాడు.

అప్పలసూరి గిన్నెలోకి తొంగిచూశాడు. మూత మళ్ళీ జాగ్రత్తగా పెట్టాడు. కొత్త మానిటర్ అట్టపెట్టెని తనే ఎత్తి మహేష్ చేతుల్లో పెట్టాడు.

"ఇది అట్టుకెళ్ళిపో, మహేషూ. మీ గోడౌన్లో ఇలాటి పాతది ఇంకోటుంటే తెచ్చీయ్. పెరుగు కూడా తోడుకోటం నేదు."